ఎల్సర్ బతికిన దారిలో: కోనిగ్స్‌బ్రోన్ నుంచి డాఖావ్ దాకా

గేయోర్గ్ ఎల్సర్ పేరు తెలిసినవాళ్లు మామూలుగా నేరుగా మ్యూనిక్ వెళ్తారు. 1939 నవంబర్ 8న హిట్లర్‌ను చంపడానికి ఆయన పెట్టిన బాంబు పేలింది అక్కడే కాబట్టి. అయితే బాంబు పేలిన బ్యూర్గర్‌బ్రాయ్‌కెల్లర్ అనే బీరు హాలు ఇప్పుడు లేదు. 1979లో పడగొట్టేశారు. ఒంటరిగా, ఏ పార్టీ ఆజ్ఞా లేకుండా, ఏడాది పాటు ఒక్క పని మీదే మనసు పెట్టిన ఆ వడ్రంగి ఎలాంటివాడో తెలియాలంటే ముందు ఆయన పని నేర్చుకున్న ఊళ్లు చూడాలి. అందుకే ఈ ప్రయాణం నైరుతి జర్మనీలోని శ్వాబియా కొండల్లో మొదలై, స్విట్జర్లాండ్ సరిహద్దులోని బోడెన్ సరస్సు మీదుగా మ్యూనిక్ చేరి, ఆయన్ని చంపిన నాజీ నిర్బంధ శిబిరం ఉన్న డాఖావ్‌లో ముగుస్తుంది. స్టుట్‌గార్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు నాలుగైదు రోజులు సెలవు పెట్టుకుంటే హాయిగా చూసి రావచ్చు.

ఖర్చు గురించి ఒక్క మాట. దారంతా ప్రాంతీయ రైళ్లే కాబట్టి దేశమంతా ఆ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ చాలు. 2025లో దాని ధర నెలకు 58 యూరోలు. అది చందా పద్ధతిలో నడుస్తుంది. నెల 10వ తేదీ లోపు రద్దు చేయకపోతే తర్వాతి నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. సెలవుకు వచ్చినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఆదివారం, కోనిగ్స్‌బ్రోన్

ఆలెన్‌లో బండి మారి ఉల్మ్ వైపు వెళ్లే బ్రెంట్స్ లైను ఎక్కితే ఓబర్‌కోఖెన్ తర్వాత కోనిగ్స్‌బ్రోన్ వస్తుంది. దిగగానే స్టేషన్‌లోనే ఉక్కుతో చేసిన ఎల్సర్ విగ్రహం ఎదురవుతుంది. 2010లో పెట్టారు. రోజూ పనికి, బడికి వెళ్లే జనం మధ్యలో నిలబెట్టడం మంచి ఆలోచన. ఎల్సర్ కూడా ఈ లైను మీద పనికి తిరిగినవాడే.

ఊరు చిన్నది. ఎవరైనా ఎదురైతే "గ్రూస్ గాట్" అని పలకరించాలి. నగరంలోలాగా తల దించుకుని పోతే ఇక్కడ మర్యాద కాదు. ముందుగా బ్రెంట్స్ నది పుట్టే చోటు చూడాలి. సున్నపురాతి కొండ అడుగున నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఒక మడుగు ఉంటుంది. నీళ్లు లోపలినుంచి ఊరి, అక్కడికక్కడే నదిగా సాగిపోతాయి. ఈ నీటి బలం మీదే ఇక్కడ ఇనుప పని పుట్టింది. 14వ శతాబ్దం నుంచీ ఈ ఊళ్లో ఇనుము కరిగిస్తున్నారు. 1917లో ఎల్సర్ చేరింది ఇక్కడి ఇనుప కర్మాగారంలోనే, లేత్ పని నేర్చుకోవడానికి. ఆరోగ్యం పడక రెండేళ్లకు మానేశాడు. ఆ తర్వాత వడ్రంగం పట్టాడు. 1922లో పరీక్ష రాసి తన తరగతిలో మొదటివాడిగా నిలిచాడు. లేత్ మీద ఆ రెండేళ్లు, చెక్క మీద ఆ తర్వాతి ఏళ్లు: తర్వాత కథంతా ఈ రెండు పనుల కలయికే. ఇనుమూ చెక్కా రెండూ తెలిసిన చెయ్యి కాబట్టే ఎవరి సాయమూ అడగకుండా అంత పని చేయగలిగాడు.

తండ్రి పొలం, కలప వ్యాపారం చూసేవాడు. తాగుడు మనిషి. ఇంటికి పెద్దకొడుకైన ఎల్సర్‌కు చిన్నప్పుడే పొలం పని, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం తప్పలేదు. జిథర్ అనే తీగవాద్యం వాయించేవాడు. ఊరి జిథర్ సంఘంలో సభ్యుడు. బాస్ వాయించడమూ వచ్చు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒంటరితనాన్ని కోరుకున్న మనిషి మాత్రం కాదు, పదిమందితో కలిసి పాడినవాడు. ఈ సంగతి తెలియక చాలామంది ఆయన్ని లోకంతో సంబంధం లేని పిచ్చివాడిలా ఊహించుకుంటారు.

ఎల్సర్ స్మారక మందిరం 1998 ఫిబ్రవరిలో తెరిచారు. వారమంతా తెరిచి ఉండదు. ఆదివారం వెళ్లడానికి కారణం అదే. ఫొటోలు, పత్రాలు, వరుసగా జీవితం. జర్మన్ రానివాళ్లు ఫోన్‌లో కెమెరాతో చదివి అనువదించే సౌకర్యం ముందే దింపుకుని వెళ్లాలి, గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. ఇలాంటి ఊళ్లలో మందిరాలు చూసుకునేవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. వాళ్ల శ్వాబియన్ యాస వేగంగా పోతుంది కాబట్టి నెమ్మదిగా చెప్పమని అడగడంలో తప్పులేదు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 1998 దాకా ఎందుకు ఆగారు? బాంబు పేలిన తర్వాత నాజీల రహస్య పోలీసు దళం గెస్టాపో ఈ ఊరిమీద పడింది. తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని, తెలిసినవాళ్లందరినీ లాక్కెళ్లి ప్రశ్నించారు. ఎల్సర్ పనిచేసిన రాళ్ల క్వారీ యజమానిని నిర్బంధ శిబిరానికి పంపారు. పేలుడు మందు అక్కడినుంచే పోయిందని ఆయన మీద నేరం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కోనిగ్స్‌బ్రోన్‌ను ఎగతాళి చేశారు. యుద్ధం పోయింది, హిట్లర్ పోయాడు, కానీ ఆ బెదురు, "మా ఊరికి ఇంత కష్టం తెచ్చాడు" అన్న కోపం ఇళ్లల్లో చాలాకాలం మిగిలిపోయాయి. ఊరివాళ్లను తప్పుబట్టడం తేలిక. ఒక మనిషి ధైర్యానికి ఊరంతా వెల కట్టవలసి వచ్చిందన్నది కూడా నిజం.

భోజనం సంగతి. ఆదివారం దుకాణాలు ఉండవు. హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే. ఒంటిగంటకల్లా కూర్చోవాలి. శ్వాబియా వంటంటే పప్పు, ష్పెట్స్‌లె: గోధుమ రంగు పప్పుగింజలు కొంచెం వెనిగర్ పులుపుతో ఉడికించి, గుడ్డు వేసి కలిపిన పిండితో చేసిన మెత్తటి సేమ్యా లాంటి ముక్కల మీద పోసి ఇస్తారు. పక్కన సాసేజీలు. మాంసం తిననివాళ్లు ముందే చెప్పాలి, ఎందుకంటే పప్పులోనే పంది మాంసం ముక్కలు వేసి ఉడికిస్తారు. పైన సాసేజీ తీసేసినంత మాత్రాన శాకాహారం అయిపోదు. వాళ్లకు జున్నుతో కలిపి, వేయించిన ఉల్లిపాయలు చల్లిన కేజె ష్పెట్స్‌లె ఉంది. చాలా హోటళ్లలో కార్డు తీసుకోరు. చేతిలో నోట్లుండాలి.

సోమవారం, బ్రెంట్స్ లైను వెంబడి

ఈ లైను ఎక్కువ భాగం ఒంటి పట్టా. ఎదురుగా వచ్చే బండి ఆలస్యమైతే మన బండి కూడా స్టేషన్‌లో ఆగిపోతుంది. ఉల్మ్‌లో తర్వాతి బండికి అయిదు నిమిషాల తేడా చూసుకుని బయల్దేరినవాళ్లకు అది దొరకదు. అరగంట వదులు పెట్టుకోవాలి.

మొదట ష్నైట్‌హైమ్. హైడెన్‌హైమ్‌లో కలిసిపోయిన పేట ఇది. 1939లో మ్యూనిక్ వెళ్లడానికి ముందు ఎల్సర్ కొన్నాళ్లు ఇక్కడ అద్దెకున్నాడు. చిన్న పార్కులో ఆయన పేరిట రాయి ఉంది. 1970ల మొదట్లో పెట్టినది. ఎల్సర్ కోసం దేశంలో నిలిచిన తొలి స్మారకాల్లో అది ఒకటి. రాయి సాదాసీదాగా ఉంటుంది. ఫొటోకు పనికిరాదనుకుని దాటిపోకండి. ఆయన పేరు పైకి చెప్పడానికే జనం జంకిన రోజుల్లో నిలబెట్టింది అది.

హైడెన్‌హైమ్‌లో 1936 నుంచి ఆయన ఒక వాల్వులు, కవాటాలు చేసే కర్మాగారంలో పనిచేశాడు. మొదట కూలీ, తర్వాత సరుకు సరిచూసే విభాగం. ఆ కర్మాగారం ఆయుధాల పని కూడా చేసేది. దేశం యుద్ధానికి సిద్ధమవుతోందని ఆయనకు పత్రికలు చెప్పలేదు, తన ముందునుంచి పోతున్న సరుకే చెప్పింది. 1938 సెప్టెంబర్‌లో, చెకోస్లోవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కు వదిలేసిన మ్యూనిక్ ఒప్పందం అయ్యాక జనం శాంతి వచ్చిందని సంబరపడ్డారు. ఎల్సర్ దానికి మోసపోలేదు. పైనున్న నాయకత్వాన్ని తొలగిస్తే తప్ప యుద్ధం ఆగదని అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఆ నవంబర్ 8న మ్యూనిక్ వెళ్లి హాలు చూసి వచ్చాడు. తర్వాత కర్మాగారం నుంచి 250 పేలుడు మందు బిళ్లలు ఒక్కొక్కటిగా ఇంటికి చేర్చాడు. 1939 వసంతంలో ఆ ఉద్యోగం మాని, కావాలనే రాళ్ల క్వారీలో కూలీగా చేరాడు. అక్కడ పేలుడు సామాను సరిగా లెక్కపెట్టేవాళ్లు లేరు.

హెర్మారింగెన్ ఆయన పుట్టిన ఊరు. 1903 జనవరి 4. వేగంగా పోయే బళ్లు కొన్ని ఇక్కడ ఆగవు, చూసుకుని ఎక్కాలి. 2019 నవంబర్‌లో జర్మనీ అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్టర్ స్టైన్‌మయర్ స్వయంగా వచ్చి ఇక్కడ స్మారకాన్ని ఆవిష్కరించాడు. ఎల్సర్ చనిపోయి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. అరగంట చాలు. టిఫిను ముందే స్టేషన్ బేకరీలో కొనుక్కోండి. వెన్న రాసిన బ్రెజెల్ అనే మెలికల రొట్టె మధ్యాహ్నం దాకా ఆకలి ఆపుతుంది.

మంగళవారం, కోన్‌స్టాంట్స్

ఉల్మ్ నుంచి రైలు దక్షిణంగా ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ చేరుతుంది. ఇక్కడ రెండు స్టేషన్లున్నాయి. పెద్ద స్టేషన్‌లో దిగితే సామానుతో ఊరంతా నడవాలి. రేవు స్టేషన్‌లో దిగితే పడవ పక్కనే. కోన్‌స్టాంట్స్‌కు కటమరాన్‌లో యాభై నిమిషాలకు కాస్త పైన. దీనికి విడిగా టికెట్ కొనాలి.

1939 నవంబర్ 8 ఉదయం ఎల్సర్ మ్యూనిక్‌లో రైలెక్కి ఉల్మ్ మీదుగా ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కే వచ్చాడు. క్షౌరశాలలో గడ్డం గీయించుకున్నాడు. సాయంత్రం ఆరున్నరకు కోన్‌స్టాంట్స్ స్టీమర్ ఎక్కాడు. అదే నీటి మీద చలికాలం సాయంత్రం ప్రయాణం చేస్తే, మ్యూనిక్‌లో గోడలోపల గడియారాలు నడుస్తుండగా ఆ గంటంతా ఆయన ఎలా కూర్చున్నాడో అనిపించక మానదు.

ఈ సరస్సు ప్రాంతం ఆయనకు కొత్త కాదు. 1925లో వచ్చి మొదట ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ దగ్గర డోర్నియర్ విమాన సంస్థలో చెక్క ప్రొపెల్లర్లు చేశాడు. తర్వాత కోన్‌స్టాంట్స్‌లో గడియారాల కర్మాగారంలో చెక్క పెట్టెలు చేశాడు. గడియారపు యంత్రం లోపలి పని ఆయనకు తెలిసింది ఇక్కడే. సరస్సు అవతలి మీర్స్‌బుర్గ్‌లో పనిచేసిన గడియారాల సంస్థ దెబ్బతిన్నప్పుడు, రావలసిన జీతం కింద కొన్ని యంత్రాలే తెచ్చుకున్నాడు. కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఎర్ర యోధుల సంఘంలో చేరిందీ, ఓటు కమ్యూనిస్టులకు వేసిందీ ఆ కాలంలోనే. కానీ సిద్ధాంతాల చర్చలు ఆయనకు పట్టేవి కావు. కూలీల ఇళ్లు, కూలీల జీతం, అంతే. 1932లో కోనిగ్స్‌బ్రోన్‌కు తిరిగి వెళ్లాడు.

రేవు నుంచి పాతబస్తీ దాటి క్రాయ్‌ట్స్‌లింగెన్ సరిహద్దు వైపు ఇరవై నిమిషాల నడక. ఆయన్ని పట్టుకున్న చోటు ష్వేడెన్‌షాన్స్ అనే వీధిలో ఉంది. పెద్ద రోడ్డు పట్టుకుని కస్టమ్స్ ద్వారం దాకా పోతే దారి తప్పినట్టే. ఆ ద్వారానికి ముందే పక్క వీధుల్లోకి తిరగాలి. అప్పట్లో అక్కడ ఒక పిల్లల సంరక్షణ గృహం తోట ఉండేది. దాని చివర కంచె, కంచె అవతల స్విట్జర్లాండ్. రాత్రి 8:45కు ఇద్దరు కాపలా ఉద్యోగులు ఆయన్ని ఆపారు. బాంబు పేలడానికి ఇంకా 35 నిమిషాలుంది. జేబుల్లో కటింగ్ ప్లయరు, పేలుడు సామాను గురించి రాసుకున్న కాగితాలు, బీరు హాలు బొమ్మ ఉన్న పోస్టుకార్డు దొరికాయి. ఆయన అవన్నీ ఎందుకు దగ్గర పెట్టుకున్నాడన్నది చాలామందిని వేధించే ప్రశ్న. స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం అడిగేటప్పుడు ఈ పని చేసింది తానేనని చూపడానికి అన్నది నమ్మదగిన జవాబు.

ఇంకొక జాగ్రత్త: సరిహద్దు పక్కన ఫోను దానంతటదే స్విస్ టవరు పట్టుకుంటుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి జర్మన్ సిమ్ములకు కూడా కొన్ని ప్లాన్లలో వాత పడుతుంది. ఆ వీధుల్లో డేటా కట్టేసి, మ్యాపు ముందే దింపుకోండి. శనివారం మాత్రం వెళ్లకండి. సరుకులు చౌకని స్విస్ వాళ్లంతా ఇటు వస్తారు, క్యూలు కదలవు.

రాత్రి ఫెల్షెన్. ఒకప్పుడు ఈ సరస్సులో దండిగా దొరికిన తెల్లచేప (2024లో ఇక్కడ దాన్ని పట్టడం ఆపించారు), పిండిలో పొర్లించి వెన్నలో వేయిస్తారు. ముళ్లు తక్కువ, ఉప్పూ నిమ్మకాయ తప్ప మరేమీ ఉండదు. కారం కోరే నాలుకకు చప్పగా అనిపిస్తుంది. చేప తాజాదనం చెప్పేది ఆ చప్పదనమే.

బుధవారం, మ్యూనిక్

ఎస్-బాన్ అనే నగర రైలులో రోజెన్‌హైమర్ ప్లాట్స్ దగ్గర దిగాలి. ఆటోమేటిగ్గా హోఫ్‌బ్రాయ్‌హౌస్ వైపు నడిచేవాళ్లు చాలామంది. అది వేరే బీరు హాలు, నదికి ఇవతల. బ్యూర్గర్‌బ్రాయ్‌కెల్లర్ ఇసార్ నది అవతల గట్టు మీద ఉండేది. ఇప్పుడక్కడ హిల్టన్ హోటలు, గాస్టైగ్ సాంస్కృతిక కేంద్రం, సంగీత హక్కుల సంస్థ గెమా భవనం ఉన్నాయి. ఆ గెమా ముందు కాలిబాటలో, నేలలో పొదిగిన ఫలకం 1989 నాటిది. తల ఎత్తి వెతికితే కనబడదు. పాదాల దగ్గర చూడాలి. వడ్రంగి యోహాన్ గేయోర్గ్ ఎల్సర్ ఈ స్థలంలో హిట్లర్ మీద దాడికి ప్రయత్నించాడని, నాజీల భయోత్పాత పాలనకు ముగింపు పలకాలని కోరుకున్నాడని ఉంటుంది. ఆకులు రాలే కాలంలో చేత్తో ఊడ్చి చదవవలసి వస్తుంది.

ఇక్కడ నిలబడి ఆ పని ఎలా జరిగిందో ఊహించుకోవాలి. 1939 ఆగస్టు మొదట్లో ఎల్సర్ మ్యూనిక్‌లో గది తీసుకున్నాడు. రాత్రి ఎనిమిది దాటాక బీరు హాలుకు వచ్చి భోంచేసేవాడు. తర్వాత పై వసారాలో సామాను గదిలో దాక్కునేవాడు. తాళాలు వేశాక బయటికొచ్చి, హిట్లర్ నిలబడే వేదిక వెనకున్న స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఇలా ముప్పై రాత్రులకు పైగా. టార్చి వెలుతురు కనబడకుండా నీలం రుమాలు కట్టాడు. స్తంభానికున్న చెక్క తొడుగులో అతుకు తెలియకుండా చిన్న తలుపు కోశాడు. వడ్రంగి చెయ్యి ఎంత నేర్పరిదో చెప్పేది ఈ తలుపే: పగలు ఆ స్తంభం పక్కన జనం కూర్చుని తిన్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. లోపల ఇటుక, గచ్చు ఉలితో తొలిచాడు. ఖాళీ హాల్లో ఉలి దెబ్బ ఫిరంగిలా మోగుతుంది. మరుగుదొడ్లలో నీళ్లు వాటంతటవే పది నిమిషాలకొకసారి వదులుకునేవి. గట్టి దెబ్బలన్నీ ఆ చప్పుడు కోసం ఆపుకుని కొట్టాడు. పొడి నేలమీద పడకుండా సంచీలో పట్టి, తర్వాత సూట్‌కేసులో తీసుకుపోయి ఇసార్‌లో పోశాడు. మోకాళ్లు పుండ్లు పడి చీము పట్టాయి.

తలుపు లోపలివైపు రేకు తొడిగాడు. కారణాలు రెండు. ఎవరైనా తట్టి చూస్తే బోలుగా మోగకూడదు. అలంకరణ తోరణాలు కట్టేవాళ్లు మేకు కొడితే లోపలికి దిగకూడదు. టిక్‌టిక్ వినబడకుండా కార్క్ పలకలు పెట్టాడు. ఒక గడియారం ఆగినా రెండోది పని చేయాలని రెండు పెట్టాడు. 144 గంటల ముందే సమయం కుదర్చగలిగే ఏర్పాటది. నవంబర్ 6న స్టుట్‌గార్ట్‌లో చెల్లెలింటికి వెళ్లినవాడు, మనసాగక 7 రాత్రి మళ్లీ వచ్చి గడియారాలు నడుస్తున్నాయో లేదో చెవి పెట్టి చూసుకున్నాడు.

తప్పింది ఆయన లెక్క కాదు, వాతావరణం. పొగమంచు వల్ల విమానం కుదరక హిట్లర్ ఆ రాత్రి బెర్లిన్‌కు 9:31 రైలు పట్టుకోవలసి వచ్చింది. ఎనిమిదికే మాట్లాడ్డం మొదలుపెట్టి 9:07కు ముగించేశాడు. బాంబు 9:20కి, సరిగ్గా ఆయన కుదిర్చిన సమయానికే పేలింది. స్తంభం కూలి పైకప్పు పడింది. ఎనిమిది మంది చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో హాల్లో పనిచేసే ఒక స్త్రీ ఉంది. ఎల్సర్‌ను గౌరవించేవాళ్లు ఈ మాట దాటెయ్యకూడదు. విచారణలో ఆయన చెప్పింది, తన పనితో ఇంకా పెద్ద రక్తపాతాన్ని ఆపాలనుకున్నానని. యుద్ధం మొదలై అప్పటికి పది వారాలు. రాబోయేది ఏమిటో ఈరోజు మనకు తెలుసు కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ఆ స్త్రీ చావునూ తీసెయ్యలేం.

సాయంత్రం యూనివర్సిటేట్ మెట్రో స్టేషన్‌కు రావాలి. విశ్వవిద్యాలయం ముందు నేలమీద పరిచిన కరపత్రాల రూపం, నాజీలకు ఎదురుగా కరపత్రాలు పంచి ప్రాణాలు పోగొట్టుకున్న శ్వేత గులాబీ విద్యార్థుల గుర్తు, చూడకుండా ఉండలేం. అక్కడినుంచి ట్యూర్కెన్ వీధికి అయిదు నిమిషాలు. ఎల్సర్ చివరి అద్దె గది ఈ వీధిలో 94వ నంబరు. ఇక్కడి చిన్న కూడలికి 1997లో ఆయన పేరు పెట్టారు. పక్కనున్న బడి గోడమీద 2009లో అమర్చిన కళాకృతి ఉంది, పేరు "1939 నవంబర్ 8". ఎర్ర గాజు గొట్టాలతో చేసింది. రోజూ రాత్రి 9:20కి వెలిగి ఒక్క నిమిషంలో ఆరిపోతుంది. గోడమీద ఎత్తులో ఉంటుంది కాబట్టి 9:15కే వచ్చి రోడ్డు అవతలివైపు నిలబడాలి. ఫోన్ గడియారమే చూసుకోండి, రెండు నిమిషాలు ఆలస్యమైతే మళ్లీ మర్నాడే.

వేచి ఉండేటప్పుడు ఆ వీధిలో తిండికి లోటు లేదు, విద్యార్థుల పేట. బీరు హాలుకే వెళ్తే, "రిజర్వుడు" అని గానీ "ష్టామ్‌టిష్" అని గానీ పలక ఉన్న బల్ల దగ్గర కూర్చోవద్దు, అది రోజూ వచ్చేవాళ్లది. మిగతా బల్లల్లో ఖాళీ ఉంటే అడిగి కూర్చోవచ్చు, కొత్తవాళ్ల పక్కన కూర్చోవడం ఇక్కడ తప్పు కాదు. బల్లమీద బుట్టలో పెట్టిన బ్రెజెళ్లు ఉచితం కాదు. ఎన్ని తిన్నారో లెక్కించి బిల్లులో వేస్తారు. టిప్పు బల్లమీద వదలరు, డబ్బిచ్చేటప్పుడే మొత్తం ఎంత తీసుకోవాలో చెప్పాలి.

గురువారం, డాఖావ్

ఎస్-2 బండిలో మ్యూనిక్ నుంచి డాఖావ్ సుమారు 25 నిమిషాలు, స్టేషన్ బయట 726 నంబరు బస్సు. ప్రవేశ రుసుము లేదు. ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. మూడు గంటలకు తక్కువ పెట్టుకోకండి, అంతా ఆరుబయలు, కంకర నేల, గాలి. మెత్తటి చెప్పులు పనికిరావు. లోపల తినకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తీసుకురావద్దని శిబిరంవాళ్లే చెబుతారు.

ఎల్సర్‌ను కోర్టులో నిలబెట్టలేదు. యుద్ధం గెలిచాక పెద్ద విచారణ జరిపి, వెనకున్నది బ్రిటిష్ గూఢచారులే అని లోకానికి చూపాలని నాజీల ఆలోచన. అందుకే సాక్సెన్‌హౌజెన్ శిబిరంలో ప్రత్యేక ఖైదీగా ఏళ్ల తరబడి ఉంచారు. అక్కడ ఆయనకు వడ్రంగం బల్ల ఇచ్చారు. జిథర్ తయారుచేసుకుని వాయించాడు. తోటి ఖైదీల్లో అనుమానాలు పుట్టింది ఈ సౌకర్యాల వల్లే. 1945 మొదట్లో డాఖావ్‌కు మార్చారు. శిబిరం జైలు, ప్రధాన భవనం వెనకున్న పొడవాటి కట్టడం, లోపలికి వెళ్లి చూడవచ్చు.

ఏప్రిల్ 5న గెస్టాపో అధిపతి ముల్లర్ నుంచి శిబిరం అధికారికి ఉత్తరం వచ్చింది: "ఎల్లర్" అనే మారుపేరున్న ప్రత్యేక ఖైదీని గుట్టుగా చంపి, వైమానిక దాడిలో పోయాడని ప్రకటించాలని. ఏప్రిల్ 9న కాల్చేశారు. శవాన్ని దహనశాలలో కాల్చారు, సమాధి లేదు. అదే రోజు ఫ్లోసెన్‌బ్యూర్గ్ శిబిరంలో నాజీలను ఎదిరించిన పాస్టర్ బోన్‌హోఫర్‌ను ఉరితీశారు. అమెరికన్ సైన్యం డాఖావ్ చేరింది ఏప్రిల్ 29న. దహనశాల శిబిరం కంచెకు అవతల, చెట్ల మధ్య. గేటు నుంచి ఒక మూలగా చాలా నడవాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లు దీన్ని చూడకుండానే వెనుదిరుగుతుంటారు. అందుకని ముందు దీన్నీ జైలునూ చూసి, తర్వాత ప్రదర్శనశాలకు రావడం మేలు.

చావు తర్వాత కూడా ఆయనకు న్యాయం వెంటనే జరగలేదు. శిబిరాల్లో ఉండి బయటపడ్డ పాస్టర్ మార్టిన్ నీమోలర్ లాంటి గౌరవనీయుడే, ఎల్సర్ హిట్లర్ ప్రత్యేక సేన ఎస్ఎస్ మనిషి అనీ ఆ దాడి నాజీలు ఆడించిన నాటకమనీ చెప్పాడు. జనం నమ్మారు. 1939 నవంబర్‌లో బెర్లిన్‌లో రాసిన విచారణ కాగితాలు, 203 పేజీలు, 1964లో బయటపడేదాకా అది నడిచింది. అందులో ఎల్సర్ తన పనిని కొలతలతో సహా వివరించాడు. ఒంటరిగా చేశాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. హిట్లర్‌ను ఎదిరించిన సైనికాధికారులకూ విద్యార్థులకూ దేశం పూలు పెట్టిన ఏళ్లలో, కూలి మనిషి పేరు పక్కకే ఉండిపోయింది.

బెర్లిన్ దాకా వెళ్లగలిగినవాళ్లు విల్‌హెల్మ్ వీధిలో 2011లో నిలిపిన స్మారకం చూడండి. 17 మీటర్ల ఎత్తున ఉక్కు కడ్డీతో గీసిన ఆయన ముఖం ఆకారం. చీకటి పడ్డాక దీపాలు వెలుగుతాయి కాబట్టి సాయంత్రం వెళ్లడం మంచిది.